తెల్లపులుల కథ తుక్కు బండి ఎక్కకముందే వినండి: జిల్లా అధికారులకు, టీచర్లకు ఒక బహిరంగ లేఖ

మన అనంతపురం జిల్లాలో చదువులు, లైబ్రరీలు, మాజీ సైనికుల సంక్షేమం చూసే అధికారులకు, హైస్కూల్ టీచర్లకు,

నమస్కారం. నేను తాడిపత్రి దగ్గర ఒక పల్లెలో ఉంటాను. 1983లో నేవీలో చేరినాను, 1998లో బయటికి వచ్చినాను. ఆ పదహైదేండ్లలో ఎక్కువ కాలం ఐఎన్‌ఏఎస్ 300 అనే స్క్వాడ్రన్‌లో, అంటే నేవీ విమానాల దళంలో, ఎయిర్ మెకానిక్‌గా పనిచేసినాను. దాన్నే వైట్ టైగర్స్ అంటారు, మన మాటలో తెల్లపులులు. ఓడ మీద నుంచి లేచి మళ్లీ ఓడ మీదే దిగే ఫైటర్ విమానాల స్క్వాడ్రన్ అది, మన దేశంలో అట్లాంటిది అదే మొదటిది. మీ టైమ్ విలువైనది, అందుకే నేరుగా విషయానికి వస్తాను.

మా పక్కూర్లో ఒక పెద్దాయన ఉండేవాడు, నాకు వరసకు మామ. 1971 యుద్ధంలో విక్రాంత్ ఓడ మీద ఇదే స్క్వాడ్రన్ విమానాలకు బాంబులు ఎక్కించినోడు. పోయిన ఎండాకాలంలో చనిపోయినాడు. దినాలు అయిపోయినాక నేను వాళ్లింటికి పోయి చూస్తే ఆయన ట్రంకుపెట్టె ఖాళీగా ఉండాది. అందులో ఉండే కాగితాలు, ఫోటోలు, ఒక నోటుబుక్కు, అన్నీ పాత పేపర్లతో కలిపి తుక్కు బండికి వేసేసినారు, కేజీ లెక్కన. వాళ్లను నేను ఒక్క మాట అనలేదు, అనేది న్యాయం కాదు. అవి ఏంటివో ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు, తెలిసేట్టు మనం ఎవరమూ చెప్పలేదు. ఆ నోటుబుక్కు నేను ఒకసారి చేతిలో పట్టుకొని చూసినాను. ఏ రోజు ఎన్నిసార్లు విమానాలు లేచినాయి, ఎవరు ఎవరితో డ్యూటీ చేసినారు, రాత్రి ఏం తిన్నారు, అన్నీ పెన్సిల్‌తో, తెలుగులో, సన్న అక్షరాలతో రాసుకున్నాడు. 1971 డిసెంబర్‌లో బంగాళాఖాతం మధ్యలో కూర్చొని ఒక సీమ పిల్లోడు తెలుగులో రాసుకున్న యుద్ధం అది. ఇప్పుడు లేదు.

ఇది జరక్కూడదనే ఆయన బతికి ఉండంగానే మూడుసార్లు అర్జీ ఇచ్చినాను. ఆ ఆఫీసు పేరు ఇక్కడ రాయను, ఎవరినీ బజారుకు ఈడ్చాలని నాకు లేదు. నేను అడిగింది శానా చిన్నది. ఈయన్ని కూర్చోబెట్టి రెండు గంటలు మాట్లాడించి రికార్డు చేయండి, ఆ కాగితాలు స్కాన్ చేసి లైబ్రరీలో పెట్టండి అని, అంతే. మొదటిసారి స్టాంపు వేసి తీసుకున్నారు. రెండోసారి పోతే మొదటి అర్జీ కనపడలేదన్నారు. మూడోసారి ఇది మా సెక్షన్ కాదు అన్నారు, ఏ సెక్షనో మాత్రం చెప్పలేదు. ఆయన పోయినాక నాలుగో అర్జీ రాయబుద్ధి కాలేదు, అందుకే అందరూ చదివేట్టు ఇక్కడ రాస్తా ఉండాను.

ఇంకొకటి కూడా చెప్పాల. ఒకసారి డిసెంబర్ 4న నేవీ డే అని ఒక కార్యక్రమం పెట్టినారు, పిల్లలను బస్సుల్లో తీసుకొచ్చినారు, సంతోషం. స్టేజీ వెనక పెద్ద ఫ్లెక్సీ, దాని మీద విమానం మనది కాదు, అమెరికా వాళ్లది. ఓడ కూడా వాళ్లదే. కింద మాత్రం మన విక్రాంత్ 1971లో అని రాసినారు. నేను పోయి మెల్లగా చెప్పినాను, సార్ ఇది తప్పు బొమ్మ అని. ఎవరికి తెలుస్తుందిలే పెద్దాయనా, బాగుంది కదా చూడనీకి అన్నారు. ఆ మాట నా మనసులో ముల్లు మాదిరి ఉండిపోయింది. ఎందుకంటే ఆ రోజు ముందు వరసలో మా మామ కూర్చోని ఉండాడు, ఆయనకు తెలుసు.

అందుకే ముందు ఆ స్క్వాడ్రన్ కథ రొంత చెప్తాను, తర్వాత నేను అడిగేది అడుగుతాను, ఓపిగ్గా చదవండి.

తెల్లపులులు 1960 జులైలో పుట్టింది మన గడ్డ మీద కాదు, బ్రిటన్‌లో వేల్స్ అనే ప్రాంతంలో బ్రాడీ అనే నేవీ ఎయిర్ స్టేషన్‌లో. విమానం పేరు సీహాక్. ఒకే మనిషి కూర్చునే జెట్, ముందు భాగంలో నాలుగు 20 ఎంఎం ఫిరంగులు, రెక్కల కింద బాంబులు, రాకెట్లు. అవి దిగడానికి ఓడ కావాల కదా, ఆ ఓడ విక్రాంత్. బ్రిటిష్ వాళ్లు రెండో ప్రపంచ యుద్ధంలో హెర్క్యులిస్ అనే పేరుతో కట్టడం మొదలుపెట్టి యుద్ధం అయిపోతే సగంలో వదిలేసినారు, 1957లో మనం కొన్నాం, బెల్‌ఫాస్ట్‌లో పూర్తి చేయించి 1961 మార్చి 4న మన జెండా ఎగరేసినాం. ఆ సంవత్సరం మే 18న దాని మీద మొదటి జెట్‌ను దింపింది లెఫ్టినెంట్ తహిలియాని, తర్వాత ఆయనే నేవీ చీఫ్ అయినాడు. 1961 డిసెంబర్‌లో గోవా విముక్తికి పోయినప్పుడు ఈ ఓడ సముద్రంలో కాపలా కాసింది. 1965 యుద్ధం వచ్చినప్పుడు బొంబాయి డాక్‌లో రిపేర్లో ఉండాది, పాకిస్తాన్ వాళ్లు దాన్ని ముంచేసినామని చెప్పుకున్నారు. డాక్‌లో ఉండే ఓడను ముంచినామని చెప్పించుకున్న ఆ మాట మా వాళ్లకు శానా కాలం బాధగా ఉండిందంట, మా మామ చెప్పేవాడు.

1971 వచ్చేసరికి ఓడకు ఇంకో కష్టం. విక్రాంత్‌కు నాలుగు బాయిలర్లు, అందులో ఒకదానికి పగులు వచ్చింది, దాన్ని ఆపేసి మూడింటితోనే నడపాల. బాయిలర్ తగ్గితే ఏమవుతుంది అని పిల్లలు అడుగుతారు, చెప్పాల. ఆవిరి తగ్గుతుంది, ఓడ స్పీడు తగ్గుతుంది. అప్పట్లో విమానాన్ని ముందుకు విసిరేది కూడా ఆవిరితో పనిచేసే క్యాటపల్టే, మన పక్క పిట్టల్ని కొట్టే వడిసెల ఉంటుంది చూడండి, అట్లాంటి పని. విమానం లేవాలంటే ఎదురు గాలి కావాల, ఓడ గాలికి ఎదురుగా స్పీడుగా పోతేనే ఆ గాలి దొరుకుతుంది. ఆ డిసెంబర్‌లో బంగాళాఖాతం నెమ్మదిగా ఉండింది, గాలి శానా తక్కువ. పగిలిన బాయిలర్, గాలి లేని సముద్రం, అయినా పోయినారు. కెప్టెన్ స్వరాజ్ ప్రకాశ్, స్క్వాడ్రన్ కమాండర్ లెఫ్టినెంట్ కమాండర్ ఎస్.కె. గుప్తా, ఇద్దరికీ మహావీర్ చక్ర వచ్చింది. డిసెంబర్ 4 పొద్దున కాక్స్ బజార్ మీద, అదే రోజు సాయంత్రం చిట్టగాంగ్ మీద సీహాక్‌లు దాడి చేసినాయి, ఆ రెండూ అప్పటి తూర్పు పాకిస్తాన్, ఇప్పటి బంగ్లాదేశ్ ఊర్లు. ఆ తర్వాత వరసగా రోజూ, రాత్రిపూట అదే ఓడ మీద ఉండే అలీజే అనే ఇంకో రకం విమానాలు పోయేవి. పాకిస్తాన్ వాళ్లకు తూర్పు వైపు సముద్రం దారి మూసుకుపోయింది.

ఇక్కడ మన విశాఖపట్నం మాట వస్తుంది. విక్రాంత్‌ను వెతికి ముంచాలనే పాకిస్తాన్ వాళ్లు ఘాజీ అనే సబ్‌మెరైన్‌ను పంపినారు. విక్రాంత్ విశాఖలోనే ఉండాదని వాళ్లు నమ్మేట్టు చేసి, రాజ్‌పుత్ అనే పాత ఓడను ఎర వేసి, అసలు విక్రాంత్‌ను దూరంగా అండమాన్ వైపు పెట్టినారు. ఘాజీ డిసెంబర్ 3 రాత్రి విశాఖ బయటే మునిగిపోయింది. మన పిల్లలు టూర్‌కు పోయి ఆర్కే బీచ్‌లో సెల్ఫీలు తీసుకుంటారు, వెనకాల ఉండే స్తూపం ఈ 1971 యుద్ధం గుర్తుగా కట్టిందని ఒక్కరికీ తెలీదు. డిసెంబర్ 4 నేవీ డే అంటే కరాచీ మీద మిసైల్ బోట్లు చేసిన దాడి గుర్తుగా అని చెప్తారు, అది నిజమే, అదే రోజు తూర్పున తెల్లపులులు కూడా యుద్ధంలోనే ఉండాయని కూడా చెప్పాల కదా.

మా మామ చెప్పినది ఒకటి మాత్రం రాస్తాను, మిగతావి నాకే సరిగా గుర్తు లేవు, ఆ నోటుబుక్కులో ఉండేవి. ఆయన చెప్పేవాడు, విమానం పోయినప్పుడు లెక్క పెట్టేవాళ్లం అబ్బీ, వచ్చినప్పుడు లెక్క పెట్టేవాళ్లం, ఆ రెండు లెక్కల మధ్య ఎవరం మాట్లాడుకునేవాళ్లం కాదు అని.

నేను స్క్వాడ్రన్‌కు పోయేసరికి సీహాక్‌లు లేవు. 1983 డిసెంబర్ 16న మొదటి మూడు సీ హ్యారియర్లు గోవాలో దబోలిం బేస్‌లో దిగినాయి, వాటిని తెచ్చిన వాళ్లకు ముందు నిలబడినాయన అరుణ్ ప్రకాశ్, అప్పుడు మా స్క్వాడ్రన్ కమాండర్, తర్వాత నేవీ చీఫ్. నేను చిల్కాలో ట్రైనింగ్ అయి, కొచ్చిలో పని నేర్చుకొని, 1986లో గోవాకు పోయినాను. గుంతకల్లులో మీటర్ గేజ్ బండి ఎక్కి, హుబ్లీ, లోండా దాటి, ఘాట్‌లో దూద్‌సాగర్ జలపాతం చూసుకుంటా వాస్కోలో దిగినాను. మా జేజి కట్టిచ్చిన చెనిక్కాయల ఉండలు దోవలోనే అయిపోయినాయి. అప్పటిదాకా నేను చూసిన పెద్ద నీళ్లు పెన్నకు వచ్చిన వరదే.

హ్యారియర్ ఎట్లాంటిదంటే, దానికి ఒకే ఇంజన్, పెగాసస్ అంటారు, ఆ ఇంజన్ గాలి బయటికి వచ్చేది నాలుగు నాజిళ్ల నుంచి. ముందు రెండు చల్లగాలి, వెనక రెండు మంట. ఆ నాలుగూ తిరుగుతాయి. వెనక్కు తిప్పితే విమానం ముందుకు పోతుంది, కిందికి తిప్పితే గాలిలో నిలబడుతుంది. ఓడ పక్కకు వచ్చి గాలిలో ఆగి, పక్కకు జరిగి, డెక్ మీద, అంటే ఓడ పైతలం మీద, దబ్బున కూర్చుంటుంది. చూసేవాళ్లకు వింత, చేసేవాళ్లకు ప్రాణసంకటం. మన దేశం ఎండకు గాలి పలుచగా అవుతుంది, ఇంజన్ బలం తగ్గుతుంది, అట్లా నిలబడే కొద్దిసేపటికి ఇంజన్‌లోకి శుద్ధమైన నీళ్లు చిమ్మాల. ఆ నీళ్ల ట్యాంకు చూసే పని నాది కూడా. అనంతపురం జిల్లాలో పుట్టినోడికి నీళ్ల విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు, కానీ నీళ్లు అయిపోతే విమానం కింద పడిపోతుందని నేను ఆడ నేర్చుకున్నాను.

1987లో విరాట్ వచ్చింది. అది కూడా బ్రిటిష్ వాళ్ల ఓడే, హెర్మిస్ పేరుతో 1982లో ఫాక్లాండ్స్ యుద్ధంలో వాళ్లకు ముందుండి నడిచిన ఓడ. దాని మూతి పైకి లేచి ఉంటుంది, స్కీ జంప్ అంటారు, హ్యారియర్ ఉరికి ఆ వాలు మీద నుంచి గాలిలోకి ఎగురుతుంది. పొద్దున్నే మా మొదటి పని ఏందో తెలుసా, డెక్ మీద వరసగా నిలబడి, తల వంచుకొని, ఈ చివర నుంచి ఆ చివరికి నడవడం. ఒక స్క్రూ, ఒక రాయి, ఒక తీగ ముక్క కనపడినా ఏరాల, ఇంజన్ పీల్చుకుందంటే అయిపోయె. ఆఫీసరైనా, వంటాయనైనా అదే వరసలో. కళ్లాల్లో గింజలు ఏరే మన ఆడోళ్లు గుర్తొచ్చేవాళ్లు నాకు.

ఫామ్ 700 అని ఒక పుస్తకం ఉంటుంది, ప్రతి విమానానికి ఒకటి. ఏ పని చేసినా అందులో రాసి సంతకం పెట్టాల. నేను పెడతాను, నా పైనోడు పెడతాడు, ఆఖర్న పైలట్ చదివి సంతకం పెట్టి ఎక్కుతాడు. అంటే ఒక పదో తరగతి చదివిన పల్లెటూరి పిల్లోడి సంతకాన్ని నమ్మి ఒక మనిషి సముద్రం మీదికి పోతాడు. మనం కొన్న ముప్పై దాకా హ్యారియర్లలో సగానికి పైన ప్రమాదాల్లో పోయినాయి. మా విమానం ఒకటి తిరిగి రాని రోజు ఉండాది. ఆ రోజు ఆ పుస్తకాన్ని వెంటనే బీరువాలో పెట్టి తాళం వేసినారు, ఎంక్వయిరీకి. మా సంతకాలు ఉండే పుస్తకం అది. తప్పు మాది కాదని తేలేదాకా అన్నం దిగలేదు, తేలినాక కూడా దిగలేదు. దీని గురించి ఇంతకన్నా రాయలేను.

విక్రాంత్ 1997 జనవరి 31న రిటైర్ అయింది, బొంబాయిలో మ్యూజియంగా పెట్టినారు, 2012లో అదీ మూసేసినారు, 2014లో తుక్కుకు అమ్మేసినారు. దాని ఇనుముతో బజాజ్ వాళ్లు వి అనే బైక్ చేసినారు. మా మండలంలో ఒక పిల్లోడు ఆ బండి మీద పాలు పోస్తా తిరుగుతాడు. మా మామ ఒకరోజు ఆ బండి పెట్రోల్ ట్యాంకు మీద చెయ్యి పెట్టి కొంచేపు అట్లే నిలబడినాడు. హ్యారియర్లు 2016 మే 11న గోవాలో ఆఖరిసారి సెలవు తీసుకున్నాయి, అదే రోజు తెల్లపులులకు మిగ్-29కె విమానాలు ఇచ్చినారు. విరాట్ 2017 మార్చి 6న పోయింది, అదీ తుక్కే. సీహాక్ డెక్ మీద అడ్డంగా కట్టిన తీగను తోక కొక్కెంతో పట్టుకొని దిగేది, హ్యారియర్‌కు కొక్కెం అక్కర్లేదు, మిగ్‌కు మళ్లీ కొక్కెం, మళ్లీ తీగ. ఓడలు మారినాయి, విమానాలు మూడు తరాలు మారినాయి, మూడు వందలు అనే నంబరు మాత్రం అట్లే ఉండాది. 2022 సెప్టెంబర్ 2న కొచ్చిలో కొత్త విక్రాంత్ వచ్చింది, మనమే కట్టుకున్నది, 262 మీటర్ల పొడవు. ఇప్పుడు రఫేల్ మెరైన్ విమానాలు 26 కొనడానికి 2025 ఏప్రిల్‌లో ఒప్పందం అయింది. కథ ఇంకా నడుస్తా ఉండాది, చెప్పేవాళ్లే తగ్గిపోతా ఉండారు.

ఇదంతా మనకెందుకు, సముద్రం యాడ, అనంతపురం యాడ అని ఆ ఆఫీసులో ఒకాయన అన్నాడు. ఎందుకో పాయింట్లుగా రాస్తాను.

1. ఇంట్లో ఆడోళ్లు నష్టపోతా ఉండారు. ఇది అన్నిటికన్నా పెద్దది. మా పక్క మండలంలో ఒకామె, ఆమె భర్త నేవీలో చేసి వచ్చినోడు. ఆయన పోయినాక ఫ్యామిలీ పెన్షన్ కోసం పోతే సర్వీస్ కాగితాల్లో ఆమె పేరు ఒక రకంగా, ఆధార్‌లో ఇంకో రకంగా ఉండాది. డిశ్చార్జ్ బుక్కు తెమ్మన్నారు, అది ఎలా ఉంటుందో ఆమెకు తెలీదు, పాత పాస్‌పుస్తకం అనుకొని ఎవరో పారేసినారు. మీ ఆయన ఏ ఓడ, ఏ స్క్వాడ్రన్ అని అడిగితే ఏడ్చిందంట. పద్నాలుగు నెలలు తిరిగింది, రెండు ఎనుములు అమ్ముకుంది. చివరికి నేను, ఇంకో ఇద్దరు మాజీలు కూర్చొని లెటర్లు రాస్తే పని అయింది. భర్త ఏం పనిచేసినాడో ఇంట్లో ఒక్క ముక్క తెలిసి ఉంటే, ఆ కాగితం విలువ తెలిసి ఉంటే, ఆమెకు ఆ తిప్పలు ఉండేవి కాదు. మా మామకు 1971లో తూర్పున చేసినవాళ్లకు ఇచ్చే పూర్వీ స్టార్ పతకం ఉండేది. అది కూడా తుక్కులో పోయిందేమో నాకు అడగడానికి కూడా నోరు రాలేదు.

2. పిల్లలు బ్రోకర్ల చేతిలో పడతా ఉండారు. గుంతకల్లు, గుత్తి, ధర్మవరం, యాడ చూసినా తెల్లారుజామున గ్రౌండ్‌లో పరిగెత్తే పిల్లలు ఉంటారు, వాళ్లకు తెలిసింది ఒక్క ఆర్మీ ర్యాలీనే. నేవీలో విమానాల పని ఉంటుందని, మెకానిక్కు, ఎలక్ట్రికల్, ఆయుధాలు, డెక్ మీద విమానాలు నడిపించే పని, ఇన్ని రకాలు ఉంటాయని చెప్పేవాడు లేడు. తెలీని చోటే మోసగాడు దూరతాడు. నాకు తెలిసిన ఒక కౌలు రైతు కొడుకు నేవీలో ఉద్యోగం ఇప్పిస్తామని చెప్పినోడికి మూడు లక్షలు కట్టినాడు, వాళ్ల నాయన తెచ్చిన అప్పు అది. నేవీలో చేరడానికి ఆన్‌లైన్‌లో అప్లికేషన్, పరీక్ష, ఫిట్‌నెస్, మెడికల్, ఇవే, బ్రోకర్‌కు డబ్బు కట్టేది ఎక్కడా లేదు. 2022 నుంచి అగ్నివీర్ వచ్చింది, నాలుగేండ్లు, అందులో నూటికి ఇరవై ఐదు మందిని మించి ఉంచుకోరు. ఇది కూడా ముందే చెప్పాల కదా పిల్లలకు, మంచి చెడ్డ రెండూ తెలిసి పోవాల.

3. ఆడపిల్లలకు ఈ దోవ ఉండాదని ఎవరూ చెప్పలేదు. 2025 జులై 3న మన విశాఖలోనే, ఐఎన్‌ఎస్ డేగా బేస్‌లో, ఆస్థా పూనియా అనే అమ్మాయి నేవీ ఫైటర్ విమానాల వైపు ఎంపికైన మొదటి ఆడమనిషి అయింది. మన రాష్ట్రంలో జరిగింది. మా ఊరి హైస్కూల్లో అడిగితే ఒక్క అమ్మాయి కూడా వినలేదు.

4. తప్పు చరిత్ర పాతుకుపోతా ఉండాది. ఫ్లెక్సీలో అమెరికా విమానం పెడితే దాన్ని రెండొందల మంది పిల్లలు ఫోన్‌లో ఫోటో తీసుకున్నారు, వాట్సాప్‌లో పంపుకున్నారు. వాళ్లకు ఇప్పుడు 1971 అంటే అదే. కొత్త విక్రాంత్ చిట్టగాంగ్ మీద బాంబులు వేసిందని ఒక టీచర్ పిల్లలకు చెప్తా ఉంటే నేను విన్నాను. ఆయన్ని తప్పు పట్టను, ఆయన చేతికి తెలుగులో సరైన పుస్తకం ఒక్కటైనా ఇచ్చినామా మనం?

5. బతికి ఉండే వాళ్లు ఎవరికీ పట్టనోళ్లం అనుకుంటా పోతా ఉండారు. 1971లో ఇరవై ఏండ్ల పిల్లోడికి ఇప్పుడు డెబ్బై దాటి ఎంతో అయింది. డెక్ మీద ఆ శబ్దానికి శానామందికి చెవులు పోయినాయి, ఇంట్లో పిలిస్తే పలకరు, అందరూ ముసలాయనకు మతి లేదు అనుకుంటారు. మతి బాగానే ఉంటుంది, వినపడదు అంతే.

ఇప్పుడు నేను అడిగేవి. ఏవీ కోట్ల పనులు కావు.

వచ్చే డిసెంబర్ 4 కార్యక్రమం పెట్టేటప్పుడు ఫ్లెక్సీ ప్రింటింగ్‌కు పోకముందు మా మాజీ నేవీ వాళ్లలో ఒకరికి చూపించండి, ఫోన్‌లో పంపినా చాలు, పది నిమిషాల్లో చెప్తాం. జిల్లాలో నేవీలో పనిచేసి వచ్చినవాళ్ల లిస్టు తీయండి, అందులో డెబ్బై దాటిన వాళ్లను ముందు పెట్టండి, ఒక కాలేజీ పిల్లోడిని, ఒక మంచి రికార్డింగ్ ఫోన్‌ను ఇచ్చి వాళ్ల మాటలు వాళ్ల యాసలోనే రికార్డు చేయించండి, కాగితాలు స్కాన్ చేయించండి, అసలు కాగితాలు ఇంటోళ్లకే తిరిగి ఇచ్చేయండి. రహస్యమైనవి ఏమీ మేము చెప్పం, ఆ హద్దు మాకు తెలుసు. జిల్లా లైబ్రరీలో ఒక్క అర ఇవ్వండి. తెలుగులో ముప్పై, నలభై పేజీల చిన్న పుస్తకం మేమే రాసిస్తాం, డబ్బులు అక్కర్లేదు, తేదీలు సరిచూసే బాధ్యత మాది, అచ్చు వేసి ప్రతి జిల్లా పరిషత్ హైస్కూల్‌కు ఒకటి పంపే పని మీది.

నెలకు ఒక రోజు, ఒక టేబుల్, రెండు కుర్చీలు ఇవ్వండి, మాజీ సైనికుల ఇంటి ఆడోళ్లు కాగితాలు పట్టుకొని వస్తే మేము కూర్చొని చూసి చెప్తాం, ఏది దాచిపెట్టాల, ఏది సరిచేయించాల అని. ఇది ఒక్కటి చేసినా మిగతావి లేకపోయినా నేను ఊరుకుంటాను, ఒకటో పాయింట్‌లో రాసిన ఆమె మాదిరి ఇంకొకరు ఎనుములు అమ్ముకోకూడదు.

టీచర్లకు వేరేగా ఒక మాట. స్కూల్ టూర్ విశాఖకు పోయినప్పుడు కుర్సురా సబ్‌మెరైన్, టీయూ-142 విమానం మ్యూజియం చూపిస్తారు కదా, పోకముందు రోజు ఒక్క పీరియడ్ నాకు ఇవ్వండి. యాడికైనా వస్తాను, బస్సు చార్జీ కూడా అడగను. గోవాకు పోగలిగితే బోగ్మలో దగ్గర నేవీ విమానాల మ్యూజియం ఉండాది, సీహాక్‌ను దగ్గర్నించి చూడొచ్చు, గుంతకల్లు నుంచి ఇప్పుడు నేరుగా వాస్కోకు బండి కూడా ఉండాది.

నా అర్జీలకు ఏదో ఒక జవాబు కాగితం మీద ఇవ్వండి. కాదు అని రాసిచ్చినా సరే, ఏ సెక్షన్‌కు పోవాలో రాసివ్వండి.

ఆఖర్న, ఇది తొందర పని అని ఎందుకంటా ఉండానంటే, కడప జిల్లాలో జమ్మలమడుగు వైపు ఒక పెద్దాయన ఉండాడు, మా మామతో పాటు అదే డెక్ మీద, అదే డిసెంబర్‌లో పనిచేసినాడు. పోయిన నెల పోయి చూసి వచ్చినాను. ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవి దగ్గర గట్టిగా మాట్లాడితే వింటాడు. మధ్యాహ్నం అయితే అలిసిపోతాడు, పొద్దున తొమ్మిది లోపల అయితే బాగా మాట్లాడతాడు, తేదీలతో సహా చెప్తాడు. ఆయన ట్రంకుపెట్టె మంచం కింద ఉండాది, వాళ్ల కోడలికి చెప్పి వచ్చినాను, ఏదీ పారేయొద్దమ్మా, ఎవరో వస్తారు అని. జిల్లా వేరే అని ఆగొద్దండి, ఎవరు వస్తామన్నా నేనే తోడుకొని పోతాను. పొద్దున పూట రండి.

ఇట్లు,
ఒక మాజీ నేవీ ఎయిర్ మెకానిక్,
తాడిపత్రి దగ్గర పల్లె, అనంతపురం జిల్లా